మూత తీసి చూపించమనండి

ఇప్పుడు ఏ కంప్యూటర్ షాపుకి వెళ్లినా ముందు లైట్లు వేసి చూపిస్తున్నారు. గాజు పలక వెనకాల ఫ్యాన్లు రంగులు మారుస్తూ తిరుగుతుంటాయి. పైన ఒక స్టిక్కరు: ఐ7, పదహారు జీబీ, ఒక టీబీ. ధర పాతిక వేల లోపు. కంప్యూటర్ సంగతులు తెలియని మనిషికి అంతకన్నా ఏం కావాలి? లోపల ఏం బిగించారని అడగాలన్న ఆలోచనే రాదు. ఒకవేళ అడిగినా "అంతా బ్రాండెడే సార్" అన్న ఒక్క మాటతో సరిపెడతారు. ఏ బ్రాండు? ప్రాసెసర్ ఏ సంవత్సరంది? లోపలికి కరెంటు ఇచ్చే ఎస్సెంపీఎస్ ఎవరు చేసింది? ఒక్కదానికీ జవాబుండదు.

మా రోజుల్లో ఈ ప్రశ్నలతోనే బేరం మొదలయ్యేది.

తొంభైల చివర్లో ఏలూరు పవర్‌పేటలో చిన్న గది అద్దెకు తీసుకుని కంప్యూటర్లు అసెంబుల్ చేయడం మొదలుపెట్టాను. అప్పట్లో డెస్క్‌టాప్ అంటే ముప్పై అయిదు వేలు దాటేది. మధ్యతరగతి ఇంట్లో అది అప్పు చేసి, చీటీ పాడి కొనే వస్తువు. కొనేవాడికి దాని సంగతి ఏమీ తెలియదు. తెలిసినవాడు అంటూ ఊళ్లో ఒకడుంటే వాడి మీదే భారం వేసి వచ్చేవాడు. ఆ భారం మాకు తెలిసేది.

అందుకే ముందు చేసే పని అడిగేవాళ్లం. శుభలేఖలు కొట్టే డీటీపీ సెంటరాయన వస్తే ఆయనకి పేజ్‌మేకరు, అను ఫాంట్లు, పొద్దున్నుంచి రాత్రి దాకా టైపింగు. ఆయన చేత పెంటియం కొనిపిస్తే మాకు లాభం ఎక్కువే. కానీ సెలెరాన్ చాలని చెప్పేవాళ్లం. మిగిలిన డబ్బుతో ర్యామ్ 64 బదులు 128 ఎంబీ వేయించి, కళ్లు మండకుండా మంచి మానిటరు, ఏళ్ల తరబడి బాదినా చెక్కుచెదరని టీవీఎస్ గోల్డ్ కీబోర్డు పెట్టించేవాళ్లం. తాడేపల్లిగూడెం రైస్ మిల్లు గుమస్తాకి కావలసింది వేరు. ఆయనకి కార్బన్ కాపీలు తీసే డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు ముఖ్యం, తవుడు దుమ్ముకి ఫ్యాను బిగుసుకుపోకుండా నెలకోసారి మూత తీసి ఊదించుకోవడం ముఖ్యం. సర్ సీఆర్ రెడ్డి కాలేజీలో చదివే కుర్రాడికి ఇంటెల్ 810 బోర్డు సరిపోయేది. డిస్‌ప్లే, సౌండు బోర్డు మీదే వస్తాయి కాబట్టి కార్డుల ఖర్చు తప్పేది. ఆ బోర్డుకి ఏజీపీ స్లాటు ఉండదు, రేపు మంచి గ్రాఫిక్స్ కార్డు వేసుకుందామంటే కుదరదు. ఆ మాట వాళ్ల నాన్నకి డబ్బు తీసుకోకముందే చెప్పేవాళ్లం.

సామాను సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ నుంచి వచ్చేది. అందరం సీటీసీ అనే అంటాం. పొద్దున్నే దిగి, అంతస్తులన్నీ తిరిగి, ఒక షాపులో బోర్డు, ఇంకో షాపులో హార్డ్ డిస్కు రేట్లు కనుక్కుని, వంద రూపాయల తేడా కోసం మళ్లీ మొదటి షాపుకి వెళ్లి, సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కేవాళ్లం. హార్డ్ డిస్కు ఉన్న సంచీని పై బెర్తు మీద పెట్టేవాళ్లం కాదు, ఒళ్లో పెట్టుకునే కూర్చునేవాళ్లం. బండి ఏలూరు చేరేసరికి అర్ధరాత్రి.

బిగించేటప్పుడు కొన్నవాణ్ణి పక్కన కూర్చోబెట్టేవాళ్లం. ఇది ర్యామ్, ఇది ప్రాసెసర్, ఈ బూడిదరంగు కేబులుకి ఎర్ర గీత ఉన్నవైపు ఒకటో పిన్ను అని చూపించేవాళ్లం. ఎస్సెంపీఎస్ వెనక చిన్న ఎర్ర స్విచ్చి ఉండేది, 115 అనీ 230 అనీ. అది 115 మీద ఉండగా ప్లగ్గు పెడితే ఢామ్మని పేలి పొగ వస్తుంది. ఆ స్విచ్చిని ఎవరూ ముట్టుకోకుండా టేపు అంటించి ఇచ్చేవాళ్లం. ఏఎండీ డ్యూరాన్ చిప్పుకి పైన రేకు కప్పు ఉండదు, సిలికాన్ బయటికే ఉంటుంది. హీట్‌సింకు క్లిప్పు కాస్త వంకరగా నొక్కితే అంచు చిట్లి చిప్పు చచ్చిపోయేది. ఊపిరి బిగబట్టి నొక్కేవాళ్లం. ఇంత చూశాక కొన్నవాడికి తన ఇంట్లో ఉన్నదేమిటో తెలిసేది. రెండేళ్లకి ఏదైనా పోతే "నా పెట్టెలో ఫలానా ర్యామ్ ఉంది, అదే కావాలి" అని పేరుతో అడిగేవాడు.

రిపేరు సంగతీ అంతే. 2000 తర్వాత కొన్నేళ్లు వచ్చిన మదర్‌బోర్డుల్లో కెపాసిటర్లు వరుసగా ఉబ్బిపోయేవి. లోపల పోసిన రసాయనంలో లోపం, ప్రపంచమంతా అదే గోల. పైన మూత పొంగి, గోధుమరంగు జిగురు కారేది. కంప్యూటర్ ఉన్నట్టుండి రీస్టార్ట్ అయిపోయేది. ఏలూరులో టీవీ మెకానిక్కులు వాటిని పీకి కొత్తవి టంకం వేసి ఇచ్చేవాళ్లు. పదుల రూపాయల సామాను, ఒక గంట పని, బోర్డు మళ్లీ మూడు నాలుగేళ్లు నడిచేది. ఇప్పుడు టంకం మాటెత్తితే షాపుల్లో కుర్రాళ్లు నా మొహం వంక చూస్తున్నారు. "బోర్డు మార్చేద్దాం సార్." అదొక్కటే వైద్యం.

2002 ప్రాంతంలో పశ్చిమ గోదావరి జిల్లాలో మండలాల్లో ఈ-సేవ కేంద్రాలు తెరిచినప్పుడు వాటిని మహిళా సంఘాల వాళ్లకి అప్పగించారు. మౌసు ఎప్పుడూ పట్టుకోనివాళ్లు, ఆ పల్లెటూరి కరెంటులో కంప్యూటర్లు నడిపి, సర్టిఫికెట్ల దరఖాస్తులు తీసుకుని, జనం చేత శభాష్ అనిపించుకున్నారు. వాళ్లు ఇంజనీర్లు కారు. ఇబ్బంది వస్తే వచ్చి చూసే మనిషి ఒకడుండేవాడు, అంతే. తెలియకపోవడం ఎప్పుడూ తప్పు కాదు. తెలియనివాడి తెలియనితనాన్ని సొమ్ము చేసుకోవడమే తప్పు. నా కోపమంతా దాని మీదే.

కైకలూరు దగ్గర నాకో పాత మిత్రుడున్నాడు. చెరువులు లీజుకి తీసుకుని బొచ్చె, శీలావతి పెంచుతాడు. మేత బస్తాల లెక్క, పట్టుబడి లెక్క, కూలీల లెక్క ఇప్పటికీ నోటు పుస్తకంలోనే. మనవరాలు డిగ్రీలో చేరింది, కంప్యూటర్ కావాలంది. పొలం కాగితాలు చూసుకోవడానికీ, లెక్కలకీ పనికొస్తుందని వాడూ సరేనన్నాడు. నలభై వేలు పక్కన పెట్టాడు. పెట్టి, నాకు ఫోను చేయకుండా ఊళ్లోవాళ్లు చెప్పిన ఒక షాపుకి వెళ్లాడు. అడ్వాన్సు కట్టబోతూ నాకు ఫొటో పంపాడు. "బావా, ఐ7 అంట, ఇరవై నాలుగు వేలే!"

నేను వెళ్లి మూత తీయించాను. షాపు కుర్రాడికి అది నచ్చలేదు. లోపల ఉన్నది ఐ7 మాట నిజమే. అయితే మూడో తరం ఐ7, 2012లో వచ్చిన చిప్పు. ఏ ఆఫీసులోనో పదేళ్లు పనిచేసి పాత సామానుగా అమ్ముడుపోయింది. ఇంటెల్ ఎప్పుడో వదిలేసిన ఆ సాకెట్టుకి చైనాలో ఇప్పటికీ కొత్త బోర్డులు తయారవుతున్నాయి. పాత చిప్పు, కొత్త బోర్డు, పాత డీడీఆర్3 ర్యామ్, లైట్ల డబ్బా, వెరసి కొత్త కంప్యూటర్! విండోస్ 11కి మైక్రోసాఫ్ట్ ఒప్పుకునేది ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచి. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో అయిపోయింది. ఆ పెట్టెలో ఏదో మాయ చేసి విండోస్ 11 ఎక్కించారు. ఆ మాట కొనేవాడికి చెప్పలేదు. బిల్లు మీద తరం రాయమంటే రాయలేదు.

ఒక్క సంగతి అందరూ గుర్తుపెట్టుకోవాలి. ఆ పాత ఐ7లో నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు. 2022లో వచ్చిన పన్నెండో తరం ఐ3 12100లోనూ నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లే. కానీ పనిలో ఐ3 దాన్ని సులువుగా దాటేస్తుంది, కరెంటూ తక్కువ తాగుతుంది. ఐ3, ఐ5, ఐ7 అన్నవి ఆయా సంవత్సరంలో వచ్చిన చిప్పుల్లో చిన్నా పెద్దా చెప్పే పేర్లు. సంవత్సరం తెలియకుండా ఆ పేరు చూసి ఏమీ తేల్చలేం. ఏఎండీ రైజెన్ అయినా ఇంతే.

సరే, వాణ్ణి అక్కణ్ణుంచి తీసుకొచ్చి కాగితం మీద రాసి ఇచ్చాను. ఐ3 12100. చివర ఎఫ్ అక్షరం ఉన్నది వద్దు, అందులో గ్రాఫిక్స్ ఉండవు, వేరే కార్డు కొనాలి. వీళ్లకి ఆటలు లేవు, కార్డు అక్కర్లేదు. హెచ్610 బోర్డు. దానిలో డీడీఆర్4 పట్టేదొకటి, డీడీఆర్5 పట్టేదొకటి అమ్ముతారు. ఒకదాని ర్యామ్ ఇంకోదానికి గాటు కలవదు, చూసుకుని తీసుకోవాలి. ర్యామ్ ఎనిమిది జీబీ ఒకే కర్ర, రెండో స్లాటు ఖాళీగా ఉంచాలి. 500 జీబీ ఎన్‌వీఎంఈ ఎస్సెస్డీ. ఇరవై రెండు అంగుళాల ఫుల్ హెచ్‌డీ మానిటరు. లైట్లు లేని, గాలి ఆడే రేకు క్యాబినెట్టు.

ర్యామ్ దగ్గర వాడు ఆగాడు. "ఎనిమిదికి ఇంత రేటేంట్రా?" వాడి ప్రశ్న న్యాయమైనదే. 2025 మొదట్లో రెండు వేల లోపు దొరికిన కర్ర ఆ ఏడాది ముగిసేసరికి రెండు మూడింతలయింది. ఏఐ డేటా సెంటర్లకి మెమరీ చిప్పులన్నీ తరలిపోతున్నాయి. 2025 డిసెంబరులో మైక్రాన్ కంపెనీ క్రూషియల్ పేరుతో మామూలు జనానికి ర్యామ్ అమ్మే వ్యాపారమే మానేస్తున్నానని ప్రకటించింది. ఎక్కడో అమెరికాలో ఏఐ కోసం కట్టిన గోదాములకి కైకలూరు చేపల రైతు మనవరాలు డబ్బు కడుతోంది.

మా కాలంలో ఇలాంటివి లేవని కాదు. 1999 సెప్టెంబరు 21న తైవాన్‌లో భూకంపం వచ్చినప్పుడు ర్యామ్ రేట్లు ఎగిరిపడ్డాయి. 2011లో థాయ్‌లాండ్ వరదల్లో ఫ్యాక్టరీలు మునిగి హార్డ్ డిస్కుల ధర రెట్టింపయింది. అవి ప్రకృతి కొట్టిన దెబ్బలు, ఫ్యాక్టరీలు తేరుకున్నాక రేట్లూ దిగాయి. ఇప్పటిది మనుషులు కూర్చుని లాభం చూసుకుని తీసుకున్న నిర్ణయం. రేటు ఎక్కువున్నప్పుడు ఏం చేయాలన్నది మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఒకటే: ఇవాళ్టికి సరిపడా వేసుకో, స్లాటు ఖాళీ ఉంచుకో, దిగినప్పుడు కలుపుకో. ల్యాప్‌టాపుల్లో ఇప్పుడు చాలావాటికి ర్యామ్‌ని బోర్డుకే టంకం వేసి పంపిస్తున్నారు, ఆ వీలు కూడా లేదు. డబ్బు తక్కువున్నవాడికి ఇంట్లో కూర్చుని చేసుకునే పనికి డెస్క్‌టాపే మేలని నేననేది ఇందుకే.

అన్నిటికన్నా ఎక్కువ సేపు వాదించింది ఎస్సెంపీఎస్ గురించి. షాపులో క్యాబినెట్టుతో పాటు ఉచితంగా ఒకటి ఇస్తామన్నారు. చేత్తో ఎత్తితే ఖాళీ డబ్బాలా తేలిపోయింది, పైన 450 వాట్లని స్టిక్కరు. నేను వద్దన్నాను. రెండున్నర వేలు పెట్టి 80 ప్లస్ బ్రాంజ్ గుర్తున్నది విడిగా తీసుకోమన్నాను. కంటికి కనబడనిదానికి అంత ఎందుకని వాడి గొడవ. చెరువుకి గట్టు ఎలాగో కంప్యూటర్‌కి ఎస్సెంపీఎస్ అలాగని చెబితే ఇక మాట్లాడలేదు. నాసిరకంది పోయేటప్పుడు తనొక్కతే పోదు. బోర్డునీ, డిస్కునీ, డిస్కులో ఉన్న లెక్కలన్నిటినీ తీసుకుపోతుంది.

కొల్లేరు పల్లెల్లో ఇది మరీ ముఖ్యం. రాత్రిపూట చెరువుల్లో ఆక్సిజన్ పడిపోతుందని ఏరేటర్లు వేస్తారు. ఆ మోటార్లన్నీ ఒక్కసారి అందుకునేసరికి ఇళ్లల్లో బల్బు కుంగుతుంది. ఆపినప్పుడు వోల్టేజి ఎగదన్నుతుంది. అందుకే నలభై వేలలోనే 600 వీఏ యూపీఎస్ కూడా కలిపి రాశాను. అది పది నిమిషాలు నిలబడితే చాలు, పని సేవ్ చేసుకుని ఆపుకోవచ్చు. దానిలో బ్యాటరీ రెండు మూడేళ్లకి మార్చుకోవాలి. ఎర్తింగు మాత్రం డబ్బుతో పోయేది కాదు, శ్రద్ధ ఉండాలి. మా రోజుల్లో కంప్యూటర్ పెట్టేముందు గొయ్యి తవ్వి, బొగ్గూ ఉప్పూ పోసి ఎర్తు వేయించనిదే ప్లగ్గు పెట్టనిచ్చేవాళ్లం కాదు. ఇప్పుడు మూడో పిన్ను ఉత్తుత్తిగా ఉన్న సాకెట్టులోనే అన్నీ గుచ్చేస్తున్నారు. క్యాబినెట్టు ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంటే, "కంప్యూటర్ అన్నాక ఆ మాత్రం షాకుంటుంది" అని చెప్పే ఎలక్ట్రీషియన్లున్నారు. అలా ఉండదు, ఉండకూడదు.

నేల మీద పెట్టొద్దనీ చెప్పాను. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద కొల్లేరుకి చేరి లంక గ్రామాల్లోకి నీళ్లొచ్చినప్పుడు మంచాలే తేలాయి. బల్ల మీదే పెట్టాలి. వెనక ఖాళీ స్లాట్లకి రేకు ముక్కలు తప్పకుండా బిగించాలి, లేకపోతే వెచ్చదనానికి బల్లి దూరి బోర్డు మీద పడుతుంది. ఇది నేను ఎన్ని ఇళ్లల్లో చూశానో.

కొత్తవాటిలో మంచి లేదని నేననను. ఎస్సెస్డీ వచ్చాక మామూలు కంప్యూటర్‌కి ప్రాణం లేచొచ్చింది. మేం స్విచ్చి వేసి టీ తాగొచ్చేవాళ్లం, ఇప్పుడు కూర్చునేలోపే తెర వెలుగుతుంది. పాత మిషన్ ఉన్నవాళ్లు సైతం కొత్తది కొనేముందు హార్డ్ డిస్కు తీసి ఎస్సెస్డీ వేసి చూడాలి. చాలామందికి అక్కడితో సరిపోతుంది. ఇక తెలుగు. ఒకప్పుడు ఒకరి ఫాంటు ఇంకొకరి మిషన్‌లో లేకపోతే అక్షరాలన్నీ పిచ్చి గీతలే. విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చి, యూనికోడ్ అలవాటయ్యాక ఆ బాధ తీరింది. విండోస్ లైసెన్సుకి డబ్బు లేనివాళ్లకి లినక్స్ ఉంది. మన స్వేచ్ఛ సంస్థ వాళ్లు 2005 నుంచీ తెలుగులో దాని మీద పనిచేశారు. మేత లెక్కలకీ, పాఠాలకీ, మీభూమి సైటులో పొలం 1-బి తీసుకోవడానికీ అది చాలు.

నలభై వేలు కూడా లేనివాళ్ల సంగతి. వాళ్లకి నేను చెప్పేది ఒక్కటే, కొత్త పేరుతో పాతది కొనకండి, పాతదని చెప్పి అమ్మే పాతదే కొనండి. ఆఫీసులు వాడి వదిలేసిన డెల్, హెచ్‌పీ, లెనోవో మిషన్లు ఎనిమిదో తరం, ఆ పైనవి దొరుకుతాయి. గట్టి సామాను, ఆఫీసు పనికి కట్టినది. చాలావాటిలో ఎస్సెంపీఎస్ కనెక్టర్లు ఆ కంపెనీకే ప్రత్యేకం, పోతే మామూలుది పట్టదు, అది తెలిసి తీసుకోవాలి. ఎక్కడ కొన్నా జీఎస్టీ బిల్లు అడగండి. 18 శాతం మిగులుతుందని బిల్లు లేకుండా తెచ్చుకుంటే రేపు వారంటీ కోసం ఎవరి దగ్గరికి వెళ్తారు? బిల్లు మీద ప్రతి భాగం పేరు, మోడలు, సీరియల్ నంబరు రాయించండి. రాయనంటే ఆ షాపు వద్దు.

నా మిత్రుడి మిషన్ ఆ నలభై వేలకి చిల్లర తక్కువలోనే అయింది. మనవరాలిని పక్కన కూర్చోబెట్టి బిగించాను. రెండో ర్యామ్ స్లాటు ఎక్కడుందో ఆ పిల్లకి ఇప్పుడు తెలుసు. నాకు చేతనైంది ఇంతే. నా వయసు వాళ్లం ఒక్కొక్కరం దుకాణాలు మూసేశాం, పరుగెత్తే ఓపిక లేదు.

తాడేపల్లిగూడెంలో 2015 నుంచి నిట్ ఉంది. ఏలూరులో, భీమవరంలో, ప్రతి మలుపులో ఇంజనీరింగ్ కాలేజీలున్నాయి. వాటిలో చదివే పిల్లలారా, మీకు సాకెట్టు అంటే తెలుసు, తరం అంటే తెలుసు, ఫోనులో నిమిషంలో మోడలు నంబరు వెతకగలరు. మీ ఆటల కంప్యూటర్‌కి ఏ కార్డు మంచిదో గంటల తరబడి వాదించుకుంటారు. మీ మేనత్తో, పక్కింటి మాస్టారో, ఊళ్లో చేపల రైతో కంప్యూటర్ కొనడానికి బయల్దేరినప్పుడు ఫోనులో పేరు చెప్పి వదిలేయకండి. ఒక పూట వాళ్లతో షాపుకి వెళ్లండి. అడ్వాన్సు కట్టకముందే మూత తీసి చూపించమనండి.